ఇంజన్‌లో చప్పుడు

వెనకటికి ఒక జమీందారుగారికి ముసలి మోటారుకారు ఉండేది. ఇంజన్‌లో టకటక చప్పుడొస్తోంది, బాగు చేయించండి బాబూ అని డ్రైవరు పైడయ్య ఎన్నోసార్లు మొత్తుకున్నాడు. డబ్బు తియ్యాలంటే ప్రాణం పోయే దొరగారు, "చప్పుడా? నాకేం వినపడదే! అంతా నీ భ్రమరా" అని కొట్టిపారేసేవారు.

ఒకరోజు పైడయ్య పెళ్లాం సూరమ్మకి నొప్పులొచ్చి, బిడ్డ అడ్డం తిరిగింది. పట్నం ఆసుపత్రికి కారిమ్మని పైడయ్య దొరగారి కాళ్లమీద పడ్డాడు.

"ఇంజన్‌లో చప్పుడుందని నువ్వే అన్నావు కదరా! చప్పుడున్న కారు కదలకూడదు" అన్నారాయన.

ఎడ్లబండి సగం దారిలో ఉండగానే తల్లీబిడ్డా పోయారు.

నెల తిరగకుండానే దొరగారు కలెక్టరుగారి విందుకి బయల్దేరారు. సూరమ్మ ప్రాణం పోయిన చోటికి రాగానే పైడయ్య కారు నిలిపేశాడు. ఇంజన్ మాత్రం టకటకలాడుతూనే ఉంది.

"ఆపావేంరా?"

"చప్పుడు బాబూ. వినపడుతోందా, లేదా? వినపడుతోందంటే, మీ మాట ప్రకారం ఈ కారు కదలకూడదు, దిగి నడవండి. వినపడ్డం లేదంటే, ఆ రోజు కారెందుకివ్వలేదో నా సూరమ్మకి ఇక్కడే చెప్పండి."

దొరగారు తలుపు తీసుకుని, జరీపంచె ఎత్తిపట్టుకుని, దుమ్ములో నడుచుకుంటూ వెళ్లిపోయారు.

పైడయ్య వెనక్కి తిరిగి చూశాడు. సూరమ్మని పడుకోబెడదామనుకున్న సీటు ఖాళీగా ఉంది.