బండి తీతు నిద్ర

కొండలు ఇంకా పసిపిల్లలుగా ఉండి, ఏరు వాటి మధ్య దోగాడుతున్న కాలం. మా అమ్మమ్మకి అమ్మమ్మ అప్పటికి పుట్టలేదు. పుట్టాలా వద్దా అని ఆలోచిస్తోంది. ఆ కాలంలో చింతలేరు ఒడ్డున ఒక పల్లె ఉండేది. పల్లెలో ఒక తాటాకు ప్రార్థన మందిరం ఉండేది. ఆ మందిరంలో ముందు బల్ల చివర ఒక మనిషి నిద్రపోతూ ఉండేవాడు.

అతని పేరు తీతు. బండి తోలేవాడు గనక బండి తీతు అనేవాళ్ళు.

నిద్రంటే మీదీ నాదీ లాంటి నిద్ర కాదు. ఆ గురకకి కప్పు మీద తాటాకులు లేచి పడేవి. గబ్బిలాలు పిల్లల్ని చంకనేసుకుని వలసపోయాయి. పొరుగూళ్ళో ఆడవాళ్ళు ఉరుముతోందనుకుని ఎండబెట్టిన వడియాలు లోపల పెట్టుకునేవాళ్ళు.

బండి మీదా అదే నిద్ర. అతని ఎడ్ల పేర్లు అబ్రాము, లోతు. పగ్గం చేతికి చుట్టుకుని నొగల మీద కూర్చోగానే తీతుకి కళ్ళు మూతపడేవి. ఏళ్ళ తరబడి చక్రాలు తిరిగి తిరిగి దారిలో గాడి పడింది. చక్రం ఆ గాడిలో పోతున్నంతసేపూ గురకే. బెత్తెడు పక్కకి జరిగిందా, చటుక్కున కళ్ళు తెరిచి “గాడి!” అని అరిచి పగ్గం లాగేవాడు. చక్రం మళ్ళీ గాడిలో పడగానే మళ్ళీ గురక. అందుకే అతని బండి ఒక్కసారీ బోల్తా పడలేదు. కుండలు వేసుకెళ్ళినా ఒక్క కుండ పగల్లేదు. గుడ్లు వేసుకెళ్తే దారిలోనే కోడిపిల్లలై దిగాయే తప్ప, ఒక్కటీ చితకలేదు.

ఆ సంఘానికి సమాధానం అనే ముసలి ఉపదేశి ఉండేవాడు. ఆడవాళ్ళు వెళ్ళి ఆయనతో మొరపెట్టుకున్నారు.

“అయ్యగారూ, మీరు వాక్యం చెబుతుంటే ఆ తీతు గురకపెడుతున్నాడు. ఒక్క పోటు పొడిచి లేపండి.”

“వద్దమ్మా, పడుకోనీండి. అతను పడుకున్నాడంటే నా బండి గాడిలో ఉన్నట్టే” అన్నాడు ఆయన.

మందిరం పక్కన ఒక విత్తనాల గాదె ఉండేది. కోతలయ్యాక ప్రతి ఇంటివాళ్ళూ మేలైన గింజలు ఏరి తెచ్చి అందులో పొయ్యాలి. ఇంట్లో ఉంటే ఎండాకాలం ఆకలికి తట్టుకోలేక వండుకుతినేస్తారని ఉపదేశిగారు పెట్టిన పద్ధతి అది. తొలివాన పడ్డాక గాదె తెరిచి ఎవరి పాలు వాళ్ళకి పంచేవాళ్ళు. దానికి కాపలా సంఘ పెద్దలది.

పెద్దలు ముగ్గురు ఉండాలి. ఒకరు నెహెమ్యా. ఆయన మీసాలకి చెరో పక్క చిలకలు వాలేవి. రెండో పెద్దకి సొంత మాట లేదు. నెహెమ్యా దగ్గితే ఆయన తుమ్మేవాడు. మూడో పెద్ద చనిపోయాడు. ఆ చోటుకి ఎవరూ ముందుకి రాలేదు. గాదె దగ్గర ఎలుకలతో చావాలని అందరికీ తెలుసు.

“తీతూ, నువ్వుంటావా?” అన్నాడు ఉపదేశి.

తీతు నిద్రలో తలూపాడు.

“ఊపాడు! ఊపాడు!” అంది సంఘమంతా. అలా తీతు సంఘ పెద్దయ్యాడు. మెలకువ వచ్చి చూసుకునేసరికి ఉపదేశిగారి చెయ్యి తన తల మీద ఉంది.

“తీతూ, ఇదిగో ఈ గాదెలో ఉన్నది విత్తనం. ఆ వాక్యం పుస్తకంలో ఉన్నదీ విత్తనమే. రెండింటికీ ఎలుకలు వస్తాయి. రెండింటికీ కాపలా నీదే.”

“నాకు మాట్లాడ్డం రాదండీ.”

“ఎలుకతో ఏం మాట్లాడతావు? కదలకుండా కూర్చో, చాలు.”

ఆ ఏడాదే ఉపదేశిగారు కన్నుమూశాడు. కొత్త ఉపదేశి రాలేదు. ఎండలు వచ్చాయి. ఎలాంటి ఎండలనుకున్నారు! కోళ్ళు ఉడకబెట్టిన గుడ్లు పెట్టేవి. గింజల కుండలు ఖాళీ అయ్యాయి. జనం అంబలి తాగి, ఆ అంబలి కుండ కడిగిన నీళ్ళు కూడా తాగి బతుకుతున్నారు.

అప్పుడు వచ్చాడు దర్శనాల అయ్యగారు.

అసలు పేరు ఎవరికీ తెలియదు. తనకి దర్శనాలొస్తాయని ఆయనే చెప్పుకున్నాడు, ఊరు ఆ పేరు పెట్టింది. కొంగల్ని సిగ్గుపడేలా చేసే తెల్లబట్టలు. గడ్డం ముందు వీధి మలుపు తిరిగేది, ఆ తర్వాత ఆయన తిరిగేవాడు. గొంతు మాత్రం, చెప్పుకోవాలి, తేనె. ఆయన ప్రార్థన చేస్తే చీమలు బారులు తీరి వచ్చేవి.

మొదటి ఆదివారం ప్రేమ గురించి చెప్పాడు. మంచి ప్రసంగం. తీతు హాయిగా నిద్రపోయాడు.

రెండో ఆదివారం, “ఆ పుస్తకంలో ఉన్నది నిన్నటి రొట్టె. నాకొచ్చే దర్శనం ఈ పూట రొట్టె” అన్నాడు. తీతు గురక మధ్యలో తెగింది. ఒక కన్ను తెరుచుకుంది.

మూడో ఆదివారం ఆయన రెండు చేతులూ పైకెత్తాడు. “ప్రియులారా, దర్శనంలో చూశాను! తొలివాన తర్వాత పున్నమి నాడు ప్రభువు వస్తున్నాడు. ఇంక దున్నడం దేనికి, విత్తడం దేనికి? విత్తనం దాచుకోవడం అవిశ్వాసం. గాదె తెరవండి! వండండి! ప్రేమవిందు చేసుకుందాం. గింజ మిగిలిన ఊరిని ప్రభువు దాటి వెళ్ళిపోతాడు!”

“గాడి!” అని అరిచాడు తీతు.

నిలబడ్డాడు. రెండు కళ్ళూ పూర్తిగా తెరుచుకున్నాయి. ఆ కళ్ళ రంగు ఏమిటో ఊరు చూడడం అదే మొదలు.

“ఎవర్రా అది, మందిరంలో ఎడ్లని తోలేది?” అని నవ్వారు జనం.

“ప్రభువు వస్తాడని నేనూ నమ్ముతాను అయ్యగారూ. ఏ రోజో ఎవరికీ తెలియదని కదా పుస్తకంలో ఉంది? మీకు ఎవరు చెప్పారు?”

“తమ్ముడూ, నాకు దర్శనంలో చెప్పారు.”

“మరి పుస్తకంలో చూపించండి.”

అయ్యగారు పుస్తకం తెరవలేదు. నోరు తెరిచాడు. పొద్దు వాలేదాకా మాట్లాడాడు. ఎంత తియ్యగా మాట్లాడాడంటే విన్నవాళ్ళ చెవుల చుట్టూ ఈగలు ముసిరాయి. తీతు వాదంలో ఓడిపోయాడు, చిత్తుగా ఓడిపోయాడు.

ఓడిపోయి ఇంటికి పోలేదు. నేరుగా వెళ్ళి గాదె ఎక్కి, మూత మీద కూర్చున్నాడు.

మొదట కుర్రాళ్ళు వచ్చారు. “తీతు మావా, దిగు. అక్కడ ఎసరు మరిగిపోతోంది.”

“ప్రభువు వస్తే నాకే సంతోషం. వచ్చేదాకా కాపలా నాది.”

కాళ్ళు కొందరు, చేతులు కొందరు పట్టుకుని లాగారు. తీతు కదల్లేదు. ఆ లాగుడికి అతని చేతులు జానెడు సాగాయట. ఆ తర్వాత వంగకుండానే మోకాళ్ళు గోక్కునేవాడని మా అమ్మమ్మ ఒట్టేసి చెప్పేది.

తర్వాత నెహెమ్యా వచ్చాడు, వెనక రెండో పెద్ద. “ఒరే తీతూ! సంఘం మాటకే ఎదురా? దిగకపోతే నిన్ను ప్రభువు బల్లకి రానివ్వం.”

“రానివ్వం” అన్నాడు రెండో పెద్ద.

“ప్రభువు వస్తే నాకే సంతోషం. వచ్చేదాకా కాపలా నాది.”

అన్నంత పనీ చేశారు. ఆ ఆదివారం ప్రభువు బల్ల పెట్టి, తలా ఒక తునకగా రొట్టె విరిచారు. గాదె మీంచి చూస్తే మందిరం కిటికీలోంచి అంతా కనబడుతుంది. పళ్ళెం ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోయింది. పిలుస్తారేమో అని తీతు తుండుగుడ్డతో చేతులు తుడుచుకుని కూర్చున్నాడు. ఎవరూ పిలవలేదు. అతను ఏడ్చాడు. ఆ కన్నీళ్ళకి గాదె చుట్టూ అంత ఎండలోనూ తుంగ మొలిచింది. ఏడ్చాడుగానీ దిగలేదు.

చివరికి భార్య దోర్కమ్మ వచ్చింది.

“ఏవయ్యా! పడుకుంటే ఊరికి నిద్ర లేదు, లేస్తే ఊరికి కూడు లేదు. నీతో ఎలా చచ్చేది? నీళ్ళకి పోతే ఒక్క ఆడదీ నాతో పలకడం లేదు. పిల్లలు పస్తులుంటున్నారు. కడుపునిండా ఒక్క పూట తింటామంటే అడ్డమా నువ్వు?”

తీతు తల దించుకున్నాడు. “దోర్కా, నీకు తెలీదా? ఒక్క పూట తింటాం. వాన పడుతుంది. అప్పుడేం చల్లుతాం? ప్రభువు నిజంగానే వచ్చి, తీతూ, నీకు అప్పజెప్పిన గింజలేవిరా అంటే, తినేశామండీ అని చెప్పనా?”

దోర్కమ్మ అతని మొహంలోకి చూసింది. అతని కళ్ళు పండుమిరపకాయల్లా ఉన్నాయి. లోకంలోకెల్లా పెద్ద నిద్రపోతు నిద్ర మానేశాడు. ఆ గురక లేక ఊళ్ళో పసిపిల్లలకి కూడా నిద్ర పట్టడం లేదు.

“మొండిఘటం” అని గొణిగి వెళ్ళిపోయింది. పొద్దున వచ్చి అంబలి ముంత అందించింది. పైకెక్కి పక్కన కూర్చుంది. ఇంక ఆ మూత అసలు కదిలేది కాదు. దోర్కమ్మ సామాన్యమైన మనిషా? ఏరు దాటితే నీళ్ళు గట్టెక్కేవి.

తొలివాన పడింది. పొరుగూళ్ళ వాళ్ళు అరకలు కట్టారు. మన పల్లె వాళ్ళు తెల్లబట్టలు ఉతుక్కుని దిబ్బెక్కి పాటలు పాడారు. పున్నమి వచ్చింది. పున్నమి పోయింది. తెల్లారింది. పైనుంచి దోమలు తప్ప ఏమీ దిగలేదు.

జనం అయ్యగారి మొహం చూశారు.

“మీలో ఒకడు గాదె వదల్లేదు! వాడి అవిశ్వాసం వల్లే ఆగిపోయింది. వచ్చే పున్నమికి…” అని మొదలుపెట్టాడు ఆయన.

దోర్కమ్మ నడుమున చేతులు పెట్టుకుని వచ్చింది. “అయ్యగారూ! భూమినీ ఆకాశాన్నీ చేసినాయన్ని మా ఆయన గాదె మీద కూర్చుని ఆపేశాడా? ఇంట్లో పిల్లి పాలు తాగుతుంటే ఆపలేడే ఆయన!”

ఎవరో కిసుక్కుమన్నారు. పక్కవాళ్ళు నవ్వారు. దిబ్బంతా నవ్వింది. నవ్వి నవ్వి, ఆ తర్వాత ఆకలి గుర్తొచ్చి, పొలాలు గుర్తొచ్చి, గాదె గుర్తొచ్చి అందరూ ఏడ్చారు.

నెహెమ్యా ఒక్కడే గాదె దగ్గరికి నడిచాడు. మీసాల మీద చిలకలు లేవు.

“తీతూ, రెండో ఆదివారమే నాకూ తేడా అనిపించింది. ప్రభువు కుడిపక్క నాకు పీట వేయించానని ఆయన నా చెవిలో చెప్పాడు. నోరు కట్టేసుకున్నాను.”

దోర్కమ్మ వదల్లేదు. “మా ఆయన కళ్ళు మూసుకుని నిద్రపోయాడు. నువ్వు కళ్ళు తెరుచుకుని నిద్రపోయావు, పెద్దయ్యా!”

“ఊరుకోవే. నేలలో పదును ఆరేలోపు గింజలు పంచాలి” అన్నాడు తీతు. గాదె దిగి మూత తీశాడు. ఎవరి పాలు వాళ్ళకి కొలిచాడు. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ఆ మధ్యాహ్నమే ఊరంతా పొలాల్లో ఉంది. ఆ ఏడు పంట ఎలా పండిందనుకున్నారు! ఒక్కో కంకి మోయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది.

పంట చేతికొచ్చాక మొదటి ఆదివారం, రొట్టె పళ్ళెం నెహెమ్యా తన చేత్తో ముందు తీతు దగ్గరికి తీసుకెళ్ళాడు.

దర్శనాల అయ్యగారు ఏమయ్యాడంటారా? అంత గడ్డంతో నడిచి పోలేడు కదా. బండి కావాలన్నాడు. ఊళ్ళో ఉన్నది ఒకటే బండి. తీతు ఎడ్లని కట్టి ఆయన్ని ఎక్కించుకున్నాడు. పొలిమేర దాటకముందే గురక మొదలుపెట్టాడు. నిద్ర పట్టక ఏం చేస్తుంది? ఆయన్ని ఊరి బయటికి తీసుకుపోయే గాడి కంటే సరైన గాడి ఇంకెక్కడుంది?

తీతు చాలా కాలం బతికాడు. ఎంత కాలమంటే, అబ్రాము లోతుల మునిమనవలు కూడా అతని బండి లాగాయి. చివరికి ఒక ఆదివారం ముందు బల్ల చివర, ప్రసంగం మధ్యలో గురక ఆగిపోయింది.

అప్పుడు వాక్యం చెబుతున్నది కొత్త ఉపదేశి. ఏదో తప్పు చెప్పాననుకున్నాడు. ఆగి, పుస్తకం తెరిచి, ఆ మాట మళ్ళీ చదివాడు. సరిగ్గానే ఉంది. వేలు పెట్టి ఇంకోసారి చదివాడు. సరిగ్గానే ఉంది. మూడోసారి చదివి తలెత్తి చూశాడు. అప్పటికి దోర్కమ్మ తీతు తల తన భుజం మీదికి వాల్చుకుని కూర్చుని ఉంది. ఏడుస్తూనే అంది, “నువ్వు చెప్పు నాయనా. నీ తప్పేం లేదు.”

ఆ మందిరం ఇప్పుడు తాటాకుది కాదు. బల్ల మాత్రం ఉంది. దాని చివర చోటు సంఘ పెద్దలది, వంతులవారీగా. పైన గోడకి తీతు పగ్గం వేలాడుతుంటుంది. ఎవరు వచ్చి ఏం చెప్పినా, ఎంత తియ్యగా చెప్పినా, తేడా అనిపిస్తే ఆ చోట ఉన్న పెద్ద లేచి “గాడి!” అనాలి. అలా అంటే, చెప్పేవాళ్ళు ప్రసంగం ఆపి, పుస్తకం తెరిచి చూపించాలి. చూపిస్తే వందనాలు. చూపించకపోతే బయట బండి సిద్ధంగా ఉంటుంది. తొలివాన పడ్డాక గాదె తెరిచే పెద్ద, “ప్రభువు వస్తే నాకే సంతోషం. వచ్చేదాకా కాపలా నాది” అని చెప్పి మూత తీస్తాడు.

ఆ ఊళ్ళో మందిరంలో పిల్లలు జోగుతుంటే తల్లులు గిల్లరు. పడుకోనిస్తారు.

ఇదీ బండి తీతు కథ. కథ గాదెకి, మనం గంజికి. ఏమర్రా, మీలో ఎవరైనా నిద్రపోయారా? పోతే పోనీండి, లేపకండి. నా కథ గాడి తప్పలేదన్నమాట.