చీపురుతో ఊడ్చిన చేను

ఒకప్పుడు వానపాములకు నేల కింద ఇల్లు లేదు. పగలంతా మట్టిని గుల్ల చేసి, రాలిన ఆకులు తిని, ఆ ఆకుల కిందే హాయిగా కాపురం ఉండేవి. రైతులతో కబుర్లు కూడా చెప్పేవి.

ఒక ఊళ్లో పోలినాయుడనే రైతు ఉండేవాడు. ఆ ఊరివాళ్లకి ఓ పిచ్చి ఆచారం ఉండేది. ఏటా విత్తే ముందు చేలన్నీ తిరిగి, ఎవరి చేను నున్నగా ఉంటే వాళ్లకి తలపాగా చుట్టేవాళ్లు. పంట ఎవరికి పండిందని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు.

ఈసారి తలపాగా తనకే రావాలని పోలినాయుడు పంతం పట్టాడు. పాత పంట కొయ్యకాళ్లు తగలబెట్టాడు. ఏడుసార్లు దున్నాడు. చివరికి పెళ్లాం చేతిలో చీపురు లాక్కుని చేనంతా ఊడ్చేశాడు!

పాపం, వానపాముల్లో కొన్ని నాగలికి తెగిపోయాయి, కొన్ని మంటకి మాడిపోయాయి.

"పోలినాయుడు బాబూ, ఆ ఆకులే మా కూడు, ఆ నీడే మా ఇల్లు. సగమైనా ఉంచవా?" అని ముసలి వానపాము బతిమాలింది.

"సెత్తకి మళ్లీ సిఫారసొకటా! నా సేలో ఒక్క ఆకు కనబడకూడదు, పో!" అన్నాడు పోలినాయుడు.

వానపాము ఏడుస్తూ, మిగిలిన తనవాళ్లని తీసుకుని నేల అడుక్కి వెళ్లిపోయింది.

ఊరిపెద్దలు వచ్చి చూశారు. "అబ్బ! ఆకు లేకుండా నేలమీదే అన్నం పెట్టుకు తినొచ్చురా!" అని తలపాగా చుట్టారు. పోలినాయుడు దాన్ని పడుకునేటప్పుడు కూడా తియ్యలేదు.

చోళ్లు, అదే రాగులు, చల్లాడు. వాన కురిసింది. గుల్ల చేసేవాళ్లు లేక నేల అట్టకట్టింది. నీళ్లు లోపలికి ఇంకక, విత్తనాలతో సహా వాగులోకి పరుగెత్తాయి. ఏడాది తిండి కళ్లముందే కొట్టుకుపోతుంటే పోలినాయుడు వానలోనే చేలోకి దూకాడు. తలపాగా విప్పి నీళ్లకి అడ్డం వేశాడు. అదీ పోయింది.

బురదలో బోర్లాపడి అరిచాడు. "తప్పైపోనాదమ్మా! పైకి రా తల్లీ!"

"నీ మాట నమ్మను బాబూ," అంది వానపాము లోపలినుంచి. "వాన పడ్డప్పుడల్లా నేనే వచ్చి చూసుకుంటాను. ఆకు కనబడితే ఉంటాను. చీపురు గీతలు కనబడితే పోతాను."

పోలినాయుడు తోటల్లోంచి ఆకులు మోసుకొచ్చి చేనంతా పరిచాడు. మరుసటేడు చోళ్లు విరగపండాయి. మళ్లీ విత్తే ముందు ఊరిపెద్దలు వచ్చి, "పంట సరే, సేను మరీ మురికి," అని పెదవి విరిచి, తలపాగా పక్క చేనతనికి చుట్టి వెళ్లారు.

అప్పటినుంచే, వాన పడగానే వానపాములు పైకొచ్చి తల అటూ ఇటూ తిప్పి చూస్తాయి. ఆకున్న చోట ఆగిపోతాయి. నున్నటి చేను కనబడితే వెనక్కి తిరిగి లోపలికి పోతాయి. ఆ చేను రైతు మాత్రం తలపాగా సర్దుకుంటూ, ఈ ఏడు వాన మంచిది కాదని తిడుతూ ఉంటాడు.