రెండు సెకన్ల అనుమతి

రక్తనిధి మెషీను ముచ్చటగా మూడోసారి కూడా పాత సర్వరు నుంచి కొత్తదానికి కదల్లేదు. తొంభై ఎనిమిది శాతం దాకా పోయి, అక్కడ గింజుకుని గింజుకుని, గడువు దాటిపోయిందంటూ వెనక్కొచ్చేసింది. దమయంతి కుర్చీలో కూలబడింది.

విశాఖపట్నంలో ఆ సర్వర్ల గది తెలిసినవాళ్లకి పైడిరాజు మాస్టారి సంగతి వేరే చెప్పాలా? లిఫ్టులో ఉండగానే, పైన ఏ సర్వరు ఫ్యాను మూలుగుతోందో చెప్పేసేవాడాయన. తుఫానుకి ఊరు ఊరంతా చీకటైపోతే, డెబ్భై రెండు గంటలు రెప్ప వాల్చకుండా మూడు వందల సర్వర్లని ఒంటిచేత్తో బతికించాడు. మూడు వందలు కాదు, ఆరు వందలనేవాళ్లూ ఉన్నారు. వాళ్లు చెప్పేదే నిజం.

అంతటి మనిషి గొంతులో పుండు లేచింది. తెల్లారితే ఆపరేషను. స్వరపేటిక తీసేస్తారు. ఇక ఆ గొంతు ఎవరికీ వినబడదు.

దమయంతి ఆరేళ్లుగా ఆయన దగ్గరే పని నేర్చుకుంటోంది. ఈ వారమంతా నోటుపుస్తకం పట్టుకుని ఆయన వెనకాలే తిరిగింది. ఒక జవాబు రాసుకునేలోగా దాని కడుపున నాలుగు ప్రశ్నలు పుట్టేవి. ఇంట్లో పడుకోవలసిన మనిషిని ఇవాళ కూడా రప్పించింది తనే.

ఇవాళ పనీ చిన్నదేం కాదు. ముసలిదైపోయిన పాత సర్వరుని ఐదింటికల్లా ఆపెయ్యాలి. దాని పొట్టలో ఒక్కో ఆఫీసుకి ఒక్కో కంప్యూటరులా నడిచే వర్చువల్ మెషీన్లన్నిటినీ, నడుస్తున్నవాటిని నడుస్తున్నట్టే, కొత్త సర్వరులోకి మార్చాలి. పదకొండు బుద్ధిగా కదిలాయి. ఏ ఆసుపత్రికి ఏ రక్తం ఎక్కడ దొరుకుతుందో చెప్పే మెషీను ఒక్కటే మొరాయించింది. “రెప్పపాటు కూడా ఆగనివ్వను, నాదీ పూచీ” అని రక్తనిధి వాళ్లకి గొప్పగా మాటిచ్చింది దమయంతి.

“ఏటమ్మా, మళ్లీ పోనాదా?” అన్నాడు మాస్టారు. గొంతు గరగరలాడింది.

“గడువు అరగంటిచ్చాను, గంటిచ్చాను మాస్టారూ. కాపీ అయ్యేలోగా అక్కడ లెక్కలు మారిపోతున్నాయి. మారినవాటిని కాపీ చెయ్యబోతే ఇంకొన్ని మారుతున్నాయి.”

“అయితే రెండు గంటలియ్యి.”

“మీకు వేళాకోళంగా ఉంది.”

మాస్టారు నవ్వబోయి దగ్గాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “సర్లే, పుస్తకం తియ్యి. ఈ గదిలో ఎక్కడేటున్నదో చెప్తాను, రాసుకో. మొదటి వరుసలో పైనున్నది ఓడరేవు వాళ్లది. దాని కిందది చేపల మార్కెట్‌ది... కాదు, నిరుడు మార్చేసినాం, కొట్టెయ్. దాని పక్కది...”

ఆ మాటల జోరు చూసి తీరాలి! వరద గోదారికైనా నడుమ ఊపిరి పీల్చుకునే తీరికుంటుంది, ఆయన మాటకి లేదు. చెప్పినదాన్ని దిద్దుతున్నాడు, దిద్దినదాన్ని మళ్లీ మారుస్తున్నాడు. దమయంతి రాస్తోంది, కొట్టేస్తోంది, మళ్లీ రాస్తోంది. నాలుగు మాటలు వెనకబడింది. తర్వాత నలభై.

“ఆగండి మాస్టారూ! మీరు ఒక్క క్షణం ఆగితే గానీ నాకందదు!”

ఆయన ఆగాడు.

కలం పరుగెత్తి ఆఖరి మాటని అందుకుంది. దమయంతి ఆ కాగితం కేసి చూసింది. తలెత్తి స్క్రీను కేసి చూసింది.

రక్తనిధికి ఫోను చేసింది. “క్షమించండి, నేను తొందరపడి మాటిచ్చాను. మీ మెషీను రెండు సెకన్లు ఆగుతుంది.”

“రెండు సెకన్లేనా? మేం తుమ్మితే అంతకన్నా ఎక్కువ ఆగుతాం తల్లీ,” అన్నాడు అవతలాయన.

మెషీను ఎంతసేపు ఆగొచ్చో చెప్పే గడిలో సున్నా తీసి రెండు సెకన్లు పెట్టింది. తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది. మెషీను నిలిచింది. కొత్త సర్వరులో కళ్లు తెరిచింది.

“వెళ్లిపోయింది మాస్టారూ!” దమయంతి ఎగిరి గంతేసి పుస్తకం అందుకుంది. “ఇప్పుడు చెప్పండి. రెండో వరుస...”

మాస్టారు ఇందాక ఆగినవాడు ఆగినట్టే ఉన్నాడు.

“నేనాగమన్నది ఒక్క క్షణమే మాస్టారూ.”

ఆయన ఇక చెప్పనన్నట్టు మెల్లగా తల అడ్డంగా ఊపాడు. అంతే. పుస్తకం దమయంతి ఒళ్లో పడింది. దాన్ని తియ్యలేదు.

బల్లమీద ఫోను మోగింది. ఓడరేవు గుమాస్తా. “మా మెషీను నత్తలా పాకుతోందమ్మా. మాస్టారికోసారి ఇయ్యండి.”

దమయంతి ఆయన కేసి చూసింది. ఆయన కళ్లు మూసుకుని వింటున్నాడు.

“నాతో చెప్పండి. ఎప్పట్నుంచి? ... మధ్యాహ్నం నుంచేనా? మీ దగ్గరెవరైనా పాత ఫైళ్లన్నీ ఒక్కసారే ఎక్కిస్తున్నారేమో కనుక్కోండి. ఎక్కిస్తుంటే ఆపించండి.”

అవతల కాసేపు కేకలు. తర్వాత నవ్వు. “నిజమేనమ్మా, కుదుటపడింది! మాస్టారు పక్కనుండి చెప్పారా?”

దమయంతి కళ్లు తుడుచుకుంది.

“అవునండీ. మాస్టారే చెప్పారు.”