గింజల దండ నడుమ చూడని ముంగిస

అనగనగా ఒక అడవిలో ఒక చీకటి గుహ ఉండేది. గుహ నిండా గబ్బిలాలే. అందులోంచి అడవిలోని ప్రతి బొరియకూ ఒక సొరంగం ఉండేది. ఎవరికైనా తిండి పంపాలంటే మోసుకుంటూ కొండలెక్కి పోనక్కర్లేదు. మూట కట్టి గుహ ముందు పెడితే చాలు, గబ్బిలాలే చేరవేసేవి.

అయితే గబ్బిలాలకు పేర్లు తెలియవు, ముఖాలు తెలియవు. వాటికి తెలిసింది గింజల దండ ఒక్కటే. ప్రతి బొరియ గుమ్మానికీ ఒక దండ వేలాడేది. గురివింద, చింత, కుంకుడు, కానుగ గింజలు ఒక్కో ఇంటి దండలో ఒక్కో వరసలో ఉండేవి. మూటకు ఏ దండ కడితే, చీకట్లో తడిమి చూసి, అదే దండ ఉన్న బొరియలో ఆ మూట వేసేవి. మూట మీద తడిమట్టి పూసి పంజా ముద్ర వేశామా, ఇక అంతే. ఏడ్చినా మొత్తుకున్నా ఆ మూట వెనక్కి రాదు.

ఆ అడవిలో తుర్రయ్య అనే ముంగిస ఉండేవాడు. చురుకైనవాడే, కాదనను. పాము పడగ విప్పేలోపు పక్కకు దూకేవాడు. ఆ చురుకే వాడి పొగరు. "నేను ఒక్కసారి చూస్తే చాలు. రెండోసారి చూసేవాళ్ళవి మసక కళ్ళు" అని మీసం దువ్వేవాడు.

ఒక వేసవిలో అవతలి కొండకు నిప్పంటుకుంది. గడ్డిపరక కూడా మిగల్లేదు. అక్కడుండే కుందేలు రేలమ్మ, ఆమె పిల్లలు ప్రాణాలతో బయటపడ్డారు. కానీ వానలు పడేదాకా తినడానికి ఏమీ లేదు. ఇవతలి జంతువులు జాలిపడి తలా కాస్త తెచ్చాయి. దుంపలు, ఇప్పపువ్వు, ఎండు రేగుపళ్ళు అన్నీ కలిపి పెద్ద మూటయింది.

"పంపే పని నాది" అన్నాడు తుర్రయ్య. అందరూ నమ్మి మూట వాడికి అప్పజెప్పారు.

ఈ మాటలన్నీ పొదచాటు నుంచి సుగంధి అనే పునుగుపిల్లి విన్నది. వెంటనే ఒక కొత్త దండ గుచ్చింది. మొదటి గింజలు రేలమ్మ దండలాంటివే. చివరి గింజలూ అంతే. నడుమవి మాత్రం వేరు. ఆ దండను తన బొరియకు తగిలించుకుంది. అలాంటిదే ఇంకోటి గుచ్చి, ఒకే ఒక్క ఇప్పపువ్వుకు చుట్టి, ఆ పొట్లానికి పైన తుర్రయ్య దండ కట్టి వాడి ఇంటికి పంపింది. పంపినవాళ్ళు తమ దండ కూడా లోపల పెట్టి పంపడం ఆ అడవి మర్యాద.

తుర్రయ్య దండ మొదలు చూశాడు. చివర చూశాడు. "ఇది మన రేలమ్మ దండే! పాపం, కడుపు మాడుతున్నా మర్యాద మరవలేదు" అని మురిసిపోయాడు. దాన్ని గోడకు తగిలించుకున్నాడు.

మూట పంపేరోజు ముత్తెమ్మ అనే పొలుసుల అలుగు కూడా గుహ దగ్గరికి వచ్చింది. ఆమె అన్నిటికీ నిదానం. అందరూ అత్తా అనే పిలిచేవారు.

"ఒరే అల్లుడూ, ఈ దండ రేలమ్మ గుమ్మం చూసి గుచ్చిందేనా?" అని అడిగింది.

"ఆ కాలిన కొండ ఎవరెక్కుతారత్తా, అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి. ఆమె పంపిన దండే ఇది."

"అయితే గింజ గింజా పట్టి చూడరా."

"మొదలు చూశా, చివర చూశా. నడుమ మాత్రం ఎక్కడికి పోతుంది?"

"పోనీ, ముందు ఒక్క దుంప పంపు. అందిందని రేలమ్మ నోట విన్నాక మిగతాది పంపుదువు గాని."

"నీ మాట వింటే వానాకాలం వచ్చేస్తుంది!" అని తుర్రయ్య పకపకా నవ్వాడు. మట్టి పూసి, పంజా అద్దేశాడు. గబ్బిలాలు దండ తడిమి, మూట ఎత్తుకుని చీకట్లోకి వెళ్ళిపోయాయి.

కొన్నాళ్ళకు రేలమ్మ వచ్చింది. కాళ్ళకు బూడిద, పక్కటెముకలు బయటికి కనిపిస్తున్నాయి.

"తుర్రయ్యన్నా, మూట పంపారని పిట్టలు చెప్పాయి. ఇంకా రాలేదు. పిల్లలు సొరంగం ముందే కూర్చున్నారు. కదలమన్నా కదలడం లేదు."

"వస్తుందమ్మా. గబ్బిలాలు బద్ధకించి ఉంటాయి. నువ్వు ఇప్పపువ్వుతో పంపావే, ఆ దండే కట్టాను."

రేలమ్మ తెల్లబోయింది. "నేనా? నా దగ్గర పువ్వుంటే పిల్లల నోట్లో పెట్టనా, అన్నా?"

  తుర్రయ్య ఒక్క పరుగున గుహకు వెళ్ళాడు.

"నా మూట వెనక్కి తెండి! మీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాడు.

"ఆ దండ ఉన్న ఇంట్లోనే వేశాం. ముద్ర నీదే కదా?" అన్నాయి గబ్బిలాలు. "ముద్ర పడ్డాక మా చేతిలో ఏమీ లేదు."

అవి చెప్పిన బొరియ వెతుక్కుంటూ పోయాడు. అది ఖాళీ. దుంప తొక్కలు, నడుమ గింజలు వేరుగా ఉన్న దండ, పునుగు వాసన మాత్రం మిగిలాయి.

తుర్రయ్యకు తల కొట్టేసినట్టయింది. తన బొరియలో మూలకు ముడుచుకున్నాడు. 'గబ్బిలాలు పోగొట్టాయని చెబితే?' అనుకున్నాడు. వాటికి ముఖాలే తెలియవు, ఎదురు చెప్పవు. అవి బద్ధకించాయని సగం అబద్ధం అప్పటికే ఆడేశాడు కూడా. కానీ రేలమ్మ బయట ఇంకా కూర్చునే ఉంది. సొరంగం ముందు నుంచి కదలమన్నా కదలని ఆ పిల్లలు గుర్తొచ్చారు. వాడి అబద్ధం వాడికే రోత పుట్టించింది.

అందరినీ పిలిచాడు. తల పైకెత్తలేకపోయాడు.

"గబ్బిలాల తప్పు లేదు. దండ మొదలూ చివరా చూసి, నడుమ చూడకుండా ముద్ర వేశాను. అత్త చెప్పినా వినలేదు. మీరంతా పెట్టిన తిండి పునుగుపిల్లి పాలైంది. రేలమ్మా, నీకు ఇందాక అబద్ధం చెప్పాను."

రేలమ్మ తల దించుకుని కాళ్ళకంటిన బూడిద దులుపుకుంది. తిట్టి ఉంటే బాగుండేదని తుర్రయ్యకు అనిపించింది.

అప్పుడు వెనక నుంచి ముళ్ళపంది సూదులయ్య గొంతు సవరించుకున్నాడు. "నాకూ ఇలాగే జరిగింది. చలికాలంలోనే. నా మూట కూడా ఆ సుగంధే కొట్టేసింది. నలుగురూ నవ్వుతారని చెప్పలేదు."

"అప్పుడే చెప్పి ఉంటే..." అని తుర్రయ్య మొదలుపెట్టి, ఆపేశాడు. తనూ దాచబోయినవాడే కదా. ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు?

ఎవరూ నవ్వలేదు. ఇంటికి పోయి, తమ కోసం దాచుకున్నదాంట్లోంచే మళ్ళీ కాస్త తెచ్చారు. ఈసారి మూట చిన్నదే, అయినా కాలిన కొండ మీదికి మోయలేనంత బరువు. తుర్రయ్య తనకున్నదంతా అందులో పోశాడు. తర్వాత రేలమ్మ వెంట కాలిన కొండెక్కి, ఆమె గుమ్మం ముందు కూర్చుని దండ గుచ్చుకుని దిగాడు. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. గుహ ముందు గింజ గింజా పైకి చదివి, ముత్తెమ్మత్త చేత కూడా చదివించాడు. ముందు ఒక్క దుంప పంపాడు. అందిందన్న మాట వినేదాకా కదల్లేదు.

ఆ మాట చెప్పడానికి రేలమ్మ కూతురు బుడ్డి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"దుంప అందింది మామా! అందరం కొరుక్కున్నాం. మరి మొదట పంపిన పెద్ద మూట కూడా దీని వెనకాలే వస్తోందా?"

అందరూ నేల చూపులు చూశారు. ఆ పిల్లకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

"రాదు తల్లీ" అన్నాడు తుర్రయ్య.  "అది ఇక రాదు. నేను సరిగ్గా చూడకుండా పంపి పోగొట్టాను."

బుడ్డి చెవులు వాలిపోయాయి.  తర్వాత వాడి పక్కకు జరిగి అంది:

"అయితే ఇది బాగా చూసి పంపు మామా. మాకు ఆకలిగా ఉంది."

మిగతా మూట మీద ముద్రకోసం పైకెత్తిన పంజాను తుర్రయ్య దించేశాడు. మట్టి తుడుచుకుని, దండ మళ్ళీ చేతిలోకి తీసుకుని, మొదటి గింజ నుంచి చదవడం మొదలుపెట్టాడు.

నీతి: గింజల దండ అయినా, ఫోనులోని క్రిప్టో వాలెట్ చిరునామా అయినా, మొదలూ చివరా చూసి సరిపెట్టుకోకు, అంతా పోల్చి చూసి, ముందు కొంచెం పంపి, అందిందని తెలిశాకే మిగతాది పంపు, మోసపోతే సిగ్గుపడి దాచకు.