కొండ వీపు

పైడిరాజు మాస్టారిని ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కారు. అడిగినవాడు అన్నం తిన్నాడో లేదో ముందు కనుక్కునేవారు. ఆ అలవాటు చూస్తే కిరీటికి ఒళ్లు మండేది.

కిరీటి ఆయన దగ్గర చదువుకున్నవాడే. ఇప్పుడు ఆయన భూగోళం చెప్పి రిటైరైన బళ్లోనే సాంఘికశాస్త్రం చెబుతున్నాడు. పదో తరగతి ఫలితాలు తగ్గాయని, భూగోళం పీరియడ్లు లెక్కలకు ఇచ్చెయ్యమని హెడ్మాస్టరు అడిగితే అతను అడ్డు చెప్పలేదు సరికదా, సంతోషంగా ఒప్పుకున్నాడు. ఆ మాటే చెప్పడానికి మాస్టారి ఇంటికి వచ్చాడు.

“అసలు భూగోళం ఎందుకు చెప్పాలి మాస్టారూ? పటం గీసేది పాలకుడు, బట్టీ పట్టేది పేదవాడి బిడ్డ. ఊళ్లను ముంచినవాడి బల్ల మీద ఉన్నది కూడా పటమే కదా! చరిత్ర చెబితే మనిషి మేలుకుంటాడు. భూగోళం చెబితే నదుల పొడవు అప్పజెబుతాడు, అంతేగా?”

“అన్నం తిన్నావా?”

“తిన్నాను.”

“అయితే పద. కాలనీలో బొజ్జన్న పోయాడట.”

కాలనీ అంటే, ఆనకట్ట నీళ్లలో మునిగిపోయిన వెలగలరేవు జనాన్ని తెచ్చి దింపిన చోటు. అన్నీ ఒకే కొలత ఇళ్లు, ఒకే రంగు తలుపులు. గోదాములో బస్తాలు పేర్చినట్టు మనుషుల్ని పేర్చారు. దానికి పునరావాసమని పేరు పెట్టి రిబ్బను కత్తిరించారు. అక్కడ అడుగు పెట్టినప్పుడల్లా కిరీటి పిడికిళ్లు వాటంతటవే బిగుసుకునేవి.

వెలగలరేవు వాళ్లకు ఒక ఆనవాయితీ ఉంది. పోయినవాళ్లను కాళ్లు ఏటివైపు ఉండేలా పూడుస్తారు. లేచి కూర్చుంటే ఎదురుగా ఏరు కనబడాలి. కనబడకపోతే ఆ మనిషి దారి దొరక్క ఎక్కడెక్కడో తిరుగుతాడని వాళ్ల దిగులు.

వీళ్లిద్దరూ వెళ్లేసరికి శవాన్ని శ్మశానం దాకా తెచ్చారు గానీ గొయ్యి మొదలుకాలేదు. బొజ్జన్న భార్య ముత్తెమ్మ పలుగుకు అడ్డంగా కూర్చుంది.

“ఏరు ఎటేపో తెలకుండా ఆయన్ని పెట్టడానికి నేనొప్పుకోను.”

“తూర్పేపేనే పెద్దమ్మా! మొన్న వానల్లో సూరమ్మ పాపని అటే పెట్టాం కదా,” అన్నాడు గొయ్యి తవ్వడానికి వచ్చిన మనిషి.

“నీకు కల్లుపాక దారి తప్ప ఏ దారి తెల్సురా?”

“నాకు తెలవదు సరే. సారుకి తెల్సు కదా! ఆయనే చెప్పారు.”

అందరూ కిరీటి వైపు తిరిగారు. అప్పుడు అతనికి గుర్తొచ్చింది. ఆ వానలో ఎవరో అతని మోటారు సైకిలు ఆపి, ఏరు ఎటుంది సారూ అని అడిగారు. నిర్వాసితుల హక్కుల సభకు ఆలస్యమవుతోంది. మన నదులు తూర్పుకే కదా పారతాయి అనుకుని, బండి దిగకుండానే తూర్పుకి చెయ్యి చూపించి వెళ్లిపోయాడు. ఆ ప్రశ్న దేనికోసమో అడగలేదు. ఇప్పుడు మాత్రం తన మాట నిజం కావాలని, ఎన్నడూ దేవుణ్ణి తలచుకోనివాడు, లోపల్లోపల వేడుకున్నాడు.

మాస్టారు ముత్తెమ్మ పక్కన నేల మీద కూర్చున్నారు. “మిమ్మల్ని తెచ్చిన దారి గుర్తుందా?”

“ఎక్కడండీ! లారీల మీద బరకాలు కప్పేశారు. పైన వాన. కొండల చుట్టూ తిప్పి తిప్పి తెచ్చారు. ఇప్పుడు పోన్లో చూసినా మా ఊరి పేరే రాదంట.”

“పోనీ, మీ ఊళ్లో పొద్దు ఎక్కణ్ణుంచి పొడిచేది?”

“జంట కొమ్ముల కొండ మీంచండి. నా గడపలో కూకుంటే ఎదురుగుండా కనబడేది. ఎడంపక్క కొమ్ము పొడుగు, కుడిపక్కది పొట్టి.”

మాస్టారు ఎడమ చెయ్యి పైకెత్తి, చూపుడువేలూ చిటికెనవేలూ మాత్రం నిలబెట్టి, అరచేతిని ఆమె వైపు ఉంచారు. “ఇలాగా?”

“అచ్చం అలాగేనండి!”

ఆయన మెల్లగా చేతిని తిప్పి, వెనక వైపు చూపించారు. పొడుగు వేలు కుడికి వచ్చింది. తరువాత ఆ వేళ్లు దించకుండానే, పొద్దు వాలుతున్న వైపు తలెత్తి చూశారు. ముత్తెమ్మ కూడా అటు చూసింది.

పడమట, యూకలిప్టస్ చెట్ల పైన, కుడి కొమ్ము పొడుగ్గా, ఎడమ కొమ్ము పొట్టిగా ఒక కొండ నిలబడి ఉంది. ఇన్నాళ్లూ రోజూ కనబడుతూనే ఉంది. తమ కొండ వీపు చూస్తూ, అది ఎవరి కొండో అనుకుని బతికారు వాళ్లు.

“అయ్యో, నా తల్లీ! నువ్వా!” అంది ముత్తెమ్మ. లేచి, కొండకు దండం పెట్టి, పలుగు తనే తీసి అందించింది. “పడమటేపు. ఆ కొండకవతలే మన ఊరు, మన ఏరు.”

గొయ్యి తవ్వారు. బొజ్జన్నను కాళ్లు కొండ వైపు ఉంచి పడుకోబెట్టారు. మట్టి వేస్తుండగా ఒకామె గుంపులోంచి విడివడి, కొంచెం ఎడంగా ఉన్న చిన్న మట్టిదిబ్బ దగ్గరికి వెళ్లింది. సూరమ్మ. దిబ్బను చూసింది, కొండను చూసింది, కిరీటిని చూసింది. తిట్టలేదు.

“మా పాప అటు చూత్తా ఉందండి,” అంది. “ఇప్పుడెలాగండి, సారూ?”

పూడ్చిన గొయ్యి తిరిగి తవ్వకూడదని పెద్దలు ఎప్పుడో కట్టడి చేశారు. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమెకు తెలుసు. దిబ్బకు తలవైపు వెళ్లి కూర్చుని, నిద్రలో పక్కకు దొర్లిన బిడ్డను సర్దినట్టు మట్టి మీద మెల్లగా తడుతూ, “ఎనక్కి తిరుగమ్మా... ఎనక్కి... ఇటేపు...” అంటూ ఉండిపోయింది.

తిరిగి వస్తూ కిరీటి బడి గేటు దగ్గర ఆగి అన్నాడు.

“తెలియక చూపించాను మాస్టారూ.”

“తెలియకపోవడం తప్పు కాదు నాయనా,” అన్నారు మాస్టారు. “తెలియకుండా తూర్పుకి చెయ్యి ఎత్తావు చూడు, మన భూగోళం పాఠం అక్కడ మొదలవుతుంది.”