లాంచీ దీపానికి గాలి

నూకయ్యకు నా అన్నవాళ్లెవరూ లేరు. జగ్గరాజుగారి పాత లాంచీ నడుపుతూ, అందులోనే వండుకుని అందులోనే పడుకునేవాడు. రాజుగారు లాంచీలోని ఇత్తడి దీపాల్లో పాత బల్బులు తీయించి ఎల్‌ఈడీలు పెట్టించారు. అవి వారం తిరక్కుండానే మాడిపోయాయి.

"ఎల్‌ఈడీ వేడెక్కదు. నువ్వే పాడుచేస్తున్నావు. ఇంకొకటి మాడితే లాంచీ దిగిపో," అన్నారాయన.

"వేడి బల్బు వెనకాల పుడుతుందండి. ఇత్తడికి బెజ్జాలు పెడితే పోద్దండి."

"మా తాతగారి దీపాలకి బెజ్జాలా? కుదరదు."

మర్నాడు రాజుగారు అవతలి ఒడ్డుకి బయలుదేరారు. నూకయ్య లాంచీలో ఆయన కూర్చునే గది కిటికీలన్నీ బయటినుంచి బిగించేశాడు. ఏరు సగం దాటేసరికి రాజుగారి లాల్చీ తడిసి ముద్దయింది.

"కిటికీ తియ్యి నూకయ్యా, ఉడికిపోతున్నాను."

"గదిలో పొయ్యి లేదు కదండీ. వేడెక్కడిదండి?"

"నా ఒంటి వేడే, పోయే దారి లేక..." అంటూ రాజుగారు ఆగిపోయారు. తలపైనున్న దీపం వంక కాసేపు చూసి, "సరే, బెజ్జాలు పెట్టు," అన్నారు.

ఆయన్ని ఒడ్డున దించాక నూకయ్య దీపాలకు బెజ్జాలు పెట్టి, వేడిని లాగేసేలా బల్బుల వెనక అల్యూమినియం రేకులు బిగించాడు. సాయంత్రం దీపాలు నిలకడగా వెలిగాయి. రాజుగారినే ఒప్పించిన సంగతి ఎవరికైనా చెబుదామని చుట్టూ చూశాడు. ఏటి మీద ఎవరూ లేరు. తనలో తనే నవ్వుకుని అన్నం వడ్డించుకున్నాడు.