తిప్పన్న దాచిన గుడ్డ

ఎప్పుడు జరిగిందని మాత్రం అడక్కండి, అది మా అవ్వకే తెలీదు. వంక నిండా నీళ్లు పారే రోజుల్లో, ఆ వంక ఒడ్డున మద్దెలపల్లె అని ఒక ఊరుండేది. ఆ ఊరి బట్టలన్నీ ఉతికేవాడు చాకలి తిప్పన్న.

ఏ బట్ట ఎవరిదో తెలియడానికి తిప్పన్న నల్లజీడి రసంతో ఇంటికో గుర్తు పెట్టేవాడు. రెడ్డి ఇంటికి మూడు చుక్కలు. కుమ్మరి ఇంటికి సున్నా. మగ్గం నేసే ఓబులమ్మ ఇంటికి నెలవంక. బట్ట పీలికలయ్యేదాకా ఆ గుర్తు పోదు.

అంతవరకూ చాకళ్లందరూ చేసేదే. తిప్పన్నకు ఇంకో పిచ్చి ఉండేది. నాలుగు బారల ముతక గుడ్డ మీద ప్రతి ఇంటి గుర్తూ వేసుకున్నాడు. గుర్తు కింద ఆ ఇంటి సంగతులు. పెళ్లయితే జంట గీతలు. ఎవరైనా పోతే అడ్డగీత. ఊరు విడిచి వెళితే పాదం. బిడ్డ పుడితే మాత్రం, బిడ్డను చుట్టే పొత్తిగుడ్డకు గుర్తు పెట్టి, దాని కొస బొటనవేలంత అడిగి చింపుకొచ్చి అక్కడ కుట్టేవాడు.

రెడ్డి నవ్వాడు. "ఏంటికిరా తిప్పా ఈ పీలికలు?"

"ఉండనీ సామీ. అడిగేవాళ్లొస్తారు."

కరణం కసిరాడు. "ఊరి సంగతులు రాయడానికి నేను లేనా?"

"మీరు పొలాలు రాస్తారు సామీ. నేను మనుషుల్ని కుట్టుకుంటా. ఉండనీ. అడిగేవాళ్లొస్తారు."

కన్నకొడుకు గంగులు కూడా అడిగాడు. "నాకు కట్టుకునే గుడ్డ లేదు గానీ, ఊరోళ్ల పీలికలకు ఇంత గుడ్డా నాయినా?"

తిప్పన్న వాడి తల నిమిరాడు. "ఉండనీరా. అడిగేవాళ్లొస్తారు."

ఎవరూ రాలేదు. కరువొచ్చింది. జనం వలసపోయారు. గుడ్డ మీద పాదాలే పాదాలు. వానలు పడ్డాక తిరిగొచ్చినవాళ్లు కొందరే. చంటిబిడ్డతో వెళ్లిన ఓబులమ్మ ఒంటరిగా వచ్చింది. దారిలో సొమ్మసిల్లి పడిపోయిందట. మెలకువొచ్చేసరికి పక్కన బిడ్డ లేడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు తిప్పన్న కన్నుమూశాడు.

గంగులుకు ఆ గుడ్డంటే చిన్నప్పటి మంట చల్లారలేదు. గాడిద వీపు పుండు పడితే, ఆ గుడ్డనే మడతలు పెట్టి దాని వీపున కట్టాడు. తల్లి సుంకమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"అది మీ నాయిన మాటరా."

"అడిగేవాళ్లొస్తే గాడిదనే తోలుకొచ్చి చూపిస్తాలే."

ఒకనాడు అడిగేవాడు రానే వచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి, పేరు మాదులు. చేతిలో పాత పొత్తిగుడ్డ, దాని మీద నెలవంక. పెంచిన తల్లి పోతూ పోతూ ఇచ్చిందట, చనిపోయిందనుకున్న ఒక తల్లి పక్కనుంచి నిన్ను ఎత్తుకొచ్చానని చెప్పి. ఒక ఊళ్లో చాకలినడిగాడు, మా గుర్తు కాదన్నాడు. రెండో ఊళ్లో అడిగాడు, కాదన్నాడు. మూడోది మద్దెలపల్లె.

నెలవంకను చూడగానే సుంకమ్మ కొడుకునీ వెంటబెట్టుకుని అతన్ని ఓబులమ్మ గుమ్మానికి తీసుకుపోయింది. ముసలామెకు చూపు ఆనదు. తలుపు సగమే తెరిచింది.

"ఇంటి మీద ఆశతో నీ కొడుకునంటూ ఇంతకుముందే ఇద్దరొచ్చినారు నాయినా. నెలవంక ఎవురైనా గీస్తారు. మూడోసారి నా కడుపు కాల్చుకోలేను. పో."

మాదులు గడప దగ్గరే కూలబడ్డాడు. "ఇల్లొద్దమ్మా. నేనెవురి బిడ్డనో తెలిస్తే చాలు."

అప్పుడు గంగులు కళ్లు పొత్తిగుడ్డ మీద పడ్డాయి. దానికి ఒక కొస లేదు. బొటనవేలంత. రేవుకు పరుగెత్తి, అన్నంత పనీ చేశాడు. గాడిదనే తోలుకొచ్చాడు.

కట్టు విప్పితే చెమట కంపు. అంచులు అరిగిపోయాయి. లోపలి మడతలో నెలవంక మాత్రం నల్లగా అలాగే ఉంది. దాని కింద చిన్న పీలిక. పొత్తిగుడ్డ తెచ్చి ఆనిస్తే అతికినట్టు సరిపోయింది. గంగులు ఆ రెంటినీ ఓబులమ్మ చేతికిచ్చాడు. ఆమె వేళ్లు అంచు వెంబడే ఇటు నుంచి అటు పోయాయి, అటు నుంచి ఇటు వచ్చాయి, ఒకచోట ఆగాయి.

"నేసేటప్పుడు ఈడ నూలు అయిపోయి ముడేసినా. ఇది నా ముడే," అంది ఓబులమ్మ. తలుపు పూర్తిగా తెరిచింది.

ఆ సాయంత్రం గంగులు గుడ్డను బండకేసి కొట్టకుండా చేత్తోనే పిసికి ఉతికాడు. ఆరేస్తూ తమ ఇంటి గుర్తు కోసం వెతికాడు. ఊరంతా ఉంది, తమ ఇల్లు లేదు.

"మన గుర్తేదీ అమ్మా?"

"మన బట్టలు మన చేతిలోనే ఉంటాయి గదరా, గుర్తెందుకు?" అంటూ సుంకమ్మ గుడ్డ మొదటి కొస తిప్పి చూపింది. గుర్తేమీ లేకుండా, అక్కడొక పీలిక. "ఇది నీ పొత్తిగుడ్డది. మొట్టమొదట కుట్టుకున్నది నిన్నేరా."

గంగులు చాలాసేపు ఏడ్చాడు. తర్వాత జీడిరసం తెచ్చి, ఆ పీలిక పైన ఒక్క చుక్క పెట్టాడు.

ఇప్పటికీ మద్దెలపల్లెలో బిడ్డ పుడితే పొత్తిగుడ్డ కొస చింపి చాకలి ఇంటికి పంపుతారు. ఆ ఇంటివాళ్లు ముందు ఒక చుక్క పెట్టి, ఆ తర్వాతే బిడ్డ ఇంటి గుర్తు పెడతారు. ఆ చుక్క ఎవరిదని పిల్లలు అడుగుతారు. తిప్పన్నదని పెద్దలు చెబుతారు.

అడిగేవాళ్లు వస్తూనే ఉన్నారు.